బక్కచిక్కిన కావలికుక్కకు తగిన తిండి
(కమలాపురమున రైతుల యెదుట చదివిన యుపన్యాసము)



నేను పశువైద్యుడను కాను. రెవెన్యూ శాఖలో తర్జుమాదారుడను. మెట్రిక్యులేషను వరకు చదివినవాడను. ఇంగ్లీషున నున్న కాగితములను తెనుగు చేయుట నా వృత్తి. ఆ వృత్తివలన కుక్కల యాహారమును గూర్చి పశువైద్యులు వ్రాసిన సంగతులు కొన్ని నా కంట బడినవి. కాని నేడు మీ యెదుట నిలుచుటకు కారణము ఆ కాగితములు కావు. మా పొలమున నుండిన కుక్క యొకటి నా చేతితో పెట్టిన తిండివలన చనిపోయినది. ఆ సంగతి ముందుగా మనవి చేసికొని తక్కినది చెప్పెదను.

అది నాటుకుక్క. వేరుసెనగ చేనికి రాత్రి కావలి. కాయ యూరు దినములలో అడవిపందులు చేనబడినచో ఒక్క రాత్రిలో ఎంత నేల పెల్లగించి పోవునో మీరెఱుగనిది కాదు. మంచెమీది మనిషి కునుకు తీయవచ్చును గాని ఆ కుక్క తీసి యెఱుగదు. అట్టిది ఒక యేడు వానకాలమున సంగటి ముట్టుట మానినది. ప్రక్కటెముకలు దూరమునుండియే లెక్కింపదగినట్లు చిక్కిపోయినది. ఎద్దులకు బలమిచ్చు చెక్క కుక్కకు మాత్రము బలమీయదా యని తలంచి, కొట్టమున మూలబడియున్న వేరుసెనగచెక్కను నానబెట్టి సంగటిలో కలిపి పెట్టితిని. ఆ చెక్క చెమ్మ తగిలి పచ్చని బూజు పట్టియుండెను. పైబూజు గీకివైచితిని, లోపలిది మంచిదే యనుకొంటిని. కుక్క దానిని రుచిగ తినెను. మూడు వారములకు వాంతులు ఆరంభమయినవి, కండ్లు పసుపు వర్ణమునకు దిరిగినవి, విరేచనము నల్లబడినది. అటుపై ఆరవ దినమున పోయినది.

బూజు గీకినంత మాత్రమున దాని విషము పోదు, ఉడికించినను పోదు. ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు. 1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున లక్షకు పైబడిన టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినవి. విచారింపగా వానికి పెట్టిన వేరుసెనగపిండిలోని బూజే కారణమని తేలినది. అప్పటినుండియే లోకమునకు ఈ విషమును గూర్చి తెలిసినది. ఎదిగిన యెద్దు దీనిని కొంతవఱకు తట్టుకొనగలదు. కుక్క కాలేయము తట్టుకొనజాలదు. కావున బూజుపట్టిన చెక్కగాని, ముడుచుకొనిన నల్లకాయగాని, ముక్కినపిండిగాని కుక్కకు పెట్టవలదు. నిజమునకు పాలిచ్చు గేదెకును పెట్టదగదు. ఆ విషములో కొంత పాలలోనికి దిగును.

ఇంతకును నేను చేసిన మొదటి తప్పు చెక్క పెట్టుట కాదు. కుక్క యేల తినుటలేదో చూడకయే తిండి మార్చుట నా మొదటి తప్పు.

పాపఘ్ని యొడ్డున చేను గల యొక రైతు కుక్క సంగతి తరువాత కొన్నాళ్లకు నాకు తటస్థించినది. అదియు కావలికుక్కయే, మందవెంట పగలు, చేనియొద్ద రాత్రి. అదియు సంగటి మూచూచి మొగము త్రిప్పెడిది. ఆయన పాలన్నము పెట్టెను. రెండు దినములు తిని మానెను. పెరుగన్నము పెట్టెను, అదియు నంతే. చివరకు కసాయివానియొద్దనుండి పచ్చి ప్రేగులును, ఊపిరితిత్తులును తెచ్చి వేయ నారంభించెను. వానిని మాత్రము ఆబగా తినెను. అయినను ఒడలు పట్టలేదు. ఈసారి నేను తిండిమాట ఎత్తక, ముందు కుక్కను పశువైద్యశాలకు గొనిపొమ్మని కోరితిని. అక్కడ చూడగా చెవుల లోపలను, వ్రేళ్ల సందులను పిడుదులు గుత్తులుగా నుండెను. చిగుళ్లు తెల్లగా పాలిపోయియుండెను. పిడుదుల మూలమున వచ్చు జ్వరము దానికి లోలోపల నుండెను. కడుపున కొంకిపురుగులును ఉండెను. అన్నముమీది యసహ్యమని మనమనుకొనినది రోగము. ఇంకొక చిన్న కారణమును కలదు. ఆ యింటి అవ్వ మనుమలతో గూర్చుండి మధ్యాహ్నమంతయు కుక్కకు బిస్కట్లు వేయుచుండెడిది. రాత్రికి దానికి ఆకలి యెక్కడిది?

మీ కుక్క బక్కచిక్కినచో మొదట దాని నోరు తెఱచి చూడుడు. విఱిగిన పన్ను, గ్రుచ్చుకొనిన ఎముకముక్క ఉండవచ్చును. చిగుళ్లు గులాబివర్ణమున నుండవలెను. తెల్లగా నున్నచో రక్తము తఱిగినదని యర్థము. చెవులలో పిడుదులకై వెదకుడు. తరువాత అరచేతిని ప్రక్కమీద నుంచి మెల్లగా జరుపుడు. ఎముకలు చేతికి తగులుచు వానిపై పలుచని కండ యున్నచో కుక్క బాగుగనే యున్నదని యెంచుడు. చూపును మాత్రమే నమ్మవలదు. ముధోలు కుక్క, రాజపాళయము కుక్క వంటివి జన్మతః సన్ననివి. వాని కడుపు లోనికి లాగికొనియుండుట రోగము కాదు. బరువు తెలియవలెనన్నచో ధాన్యము తూచు కాటాయే చాలును. కుక్కను చంక నెత్తుకొని మీరు కాటాపై నిలిచి, మీ బరువును తీసివేసిన మిగిలినది కుక్క బరువు. పదునైదు దినముల కొకమారు తూచి గోడమీద వ్రాసికొనుడు.

మరియొక మాట. మన సీమ యెండలలో ఏ కుక్కయు పగటివేళ సరిగా తినదు. తెల్లవాఱక మునుపొకమారును, చల్లబడిన తరువాత నొకమారును పెట్టవలెను. ఇరువది నిమిషములలో తిననిచో గిన్నె తీసివేసి మరుపూట మరల పెట్టుడు. రోగము లేని కుక్క ఒకటి రెండు పూటలలో దారికి వచ్చును. పరుగు పెట్టి వచ్చిన వెంటనే కడుపునిండ పెట్టరాదు, రొప్పు తగ్గనిండు. నీరు మాత్రము ఎల్లవేళల నుండవలెను.

ఇక తిండి. కుక్క మాంసాహారి, సంగటి దానికి ఒంటదు అని కొందఱందురు. తాతలనాటినుండి సంగటితోనే బ్రతికినవి, ఇంకేమియు నక్కఱలేదని మఱికొందఱందురు. రెండును సగము నిజములే. 2013వ సంవత్సరమున స్వీడను దేశపు పండితులు తోడేళ్లను, కుక్కలను పోల్చిచూచి, పిండిపదార్థమును జీర్ణము చేసికొను శక్తి కుక్కకు తోడేలుకన్న మిక్కిలి హెచ్చుగా నున్నదని ప్రకటించిరి. మనుష్యుని యింట వేలయేండ్లు ముద్ద తిని తిని సంపాదించుకొనిన శక్తి యది. కావున మెత్తగా నుడికిన రాగిసంగటి, జొన్నసంగటి కుక్కకు మంచివే. ఉడికీయుడకనిది మాత్రము కడుపు చెఱచును. అయితే ఉత్తసంగటిలో కండకు గావలసిన మాంసకృత్తులు చాలవు, క్రొవ్వు బొత్తిగా చాలదు. రాత్రియంతయు పరుగులు పెట్టు కుక్కకు క్రొవ్వే యింధనము. ఉత్తరధ్రువ ప్రాంతములలో మంచుబండ్లు లాగు కుక్కలకు ముఖ్యాహారము క్రొవ్వే. మన కుక్కలకు అంత యక్కఱలేదు. కాని రెండు చెంచాల నూనె వేయుటకు వెనుదీయరాదు.

పదునైదు కిలోల బరువుగల కావలికుక్కకు దినమునకు ఇట్లు పెట్టిచూడుడు. రాగిపిండి లేక జొన్నపిండి 200 గ్రాములు సంగటిగా వండి, ఉడికించిన గ్రుడ్లు రెండు చిదిపి కలిపి, ఉడికించిన మాంసపు తునకలు 100 గ్రాములు, నూనె రెండు చిన్న చెంచాలు, గ్రుడ్డుపెంకులను కడిగి యెండబెట్టి మెత్తగా నూఱిన పొడి అరచెంచా చేర్చవలెను. దీనిని రెండు పూటలుగ పంచుడు. మాంసము దొరకనినాడు సంతలో కొన్న ఎండుచేపలను 30 గ్రాములు నానబెట్టి, ఉప్పు పోవునట్లు రెండుమూడు నీళ్లు మార్చి యుడికించి వేయవచ్చును. మాంసము వండని యిండ్లవారు ఉడికించిన పెసలు, పెరుగు హెచ్చుగ వాడవచ్చును. గ్రుడ్లను కూడ మానినచో పశువైద్యుని సలహాలేక నడపరాదు. పచ్చిపాలు పలుకుక్కలకు విరేచనములు కలిగించును. పెరుగు, మజ్జిగ మేలు. పందికావలి దినములలో ఈ కొలతకు సగము అదనముగా చేర్చుడు. పాతతిండినుండి క్రొత్తదానికి ఒక్కసారిగ మార్చక, వారము పదిదినములలో కొంచెము కొంచెముగ మార్చుడు. గోరువెచ్చగా పెట్టినచో వాసన లేచి మొగమాటపు కుక్క సయితము గిన్నెకడకు వచ్చును.

కూరమిగులు సంగటిలో కలుపుట మన యిండ్ల వాడుక. అందు ఉల్లిగడ్డ యుండును. కృష్ణాపురము ఉల్లికి పేరొందిన జిల్లా మనది. కాని ఉల్లియు, వెల్లుల్లియు పచ్చివైనను ఉడికినవైనను కుక్క రక్తమును విఱుచును. ద్రాక్షపండ్లును కీడే. ఉడికిన యెముకలు చీలి ప్రేగులను కోయును.

పచ్చి ప్రేగులు, కార్జము, ఊపిరితిత్తులను గూర్చి చెప్పుట మిగిలినది. దీనిని మీరు కొంచెము శ్రద్ధగా వినవలెనని ప్రార్థన. గొఱ్ఱెను కోసినపుడు కార్జముమీదను ఊపిరితిత్తులమీదను నీటితిత్తులు కనబడుట మీలో ననేకులు చూచియుందురు. ఆ తిత్తిని కుక్క పచ్చిగా తినినచో దాని ప్రేగులలో బియ్యపుగింజకన్న చిన్నవైన బద్దెపురుగులు వేలుగా పెరుగును. కుక్కకు పైకి ఏ జబ్బును కనబడదు. కాని దాని మలములో ఆ పురుగు గ్రుడ్లు పడి పచ్చికకును, నీటికిని, దాని వెండ్రుకలకును అంటుకొనును. పచ్చిక మేసిన గొఱ్ఱెకు మరల తిత్తులు. కుక్కను నిమిరి చేయి కడుగక ముద్ద తినిన బిడ్డకును కార్జమున తిత్తి. అది యేండ్ల తరబడి నొప్పిలేక పెరిగి, తుదకు శస్త్రచికిత్సకు తెచ్చును. ఇట్లే మందలోని గొఱ్ఱె ఒకేవైపునకు గిరగిర తిరిగి పడిపోవు రోగమునకు మూలము, ఆ రోగముతో చచ్చిన గొఱ్ఱెతలను కుక్కకు వేయుటయే. పాపఘ్ని యొడ్డు రైతునకు ఇది చెప్పినపుడు ఆయన మాటాడక తన మనుమని వంక చూచెను.

ఐస్‌లాండు ద్వీపమున పూర్వము గొఱ్ఱెలమందలు ముఖ్య జీవనాధారముగా నుండెను. అక్కడ ఈ తిత్తిరోగము ఒకప్పుడు ప్రజలను మిక్కిలి పీడించినది. క్రాబె యను డెన్మార్కు పండితుడు ఆ ద్వీపమున విచారించి 1864వ సంవత్సరమున వ్రాసిన చిన్న పుస్తకమును ఇంటింటికి ఉచితముగ పంచిరి. జనులు చదివిరి, కుక్కలకు పచ్చి అవయవములు వేయుట మానిరి, తరువాత చట్టములును వచ్చినవి. ఆ రోగము ఆ దేశమున క్రమముగా అంతరించినది. కరపత్రములు తర్జుమా చేయువాడను గనుక ఈ సంగతి నాకు ప్రియమైనది; మన్నింపుడు.

కసాయి అవయవములు పెట్టవలెనన్నచో అరగంటకు తక్కువ గాకుండ కుతకుత నుడికించి పెట్టుడు. అప్పుడది చక్కని తిండి. తిత్తులున్నదానిని కాల్చివేయుడు, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతున పాతుడు. ప్రాజిక్వాంటెల్ అను బద్దెపురుగుల మందును ఎన్ని వారముల కొకమారు ఈయవలెనో పశువైద్యు నడిగి, కుక్క బరువునుబట్టి ఈయవలెను. మందు వేసిన రెండుమూడు దినములు కుక్కను కట్టివేసి మలమును పాతిపెట్టుడు.

పశువైద్యశాలకు పోవునపుడు ఆ యుదయపు మలమును కొంచెము మూతగల చిన్న డబ్బాలో వెంట గొనిపొండు. పురుగుల పరీక్షకు పనికివచ్చును. పిచ్చికుక్క కాటుకు ముందుగ వేయు సూదిమందును ఆ దినముననే వేయించుడు. నెమ్మదైన కుక్కయైనను క్రొత్తచోట కఱవవచ్చును గనుక మూతికి మెత్తని గుడ్డ కట్టి తీసికొనిపోవుట మంచిది.