స్ట్రక్చర్ ప్యాడింగ్: 6 బైట్లు 12 ఎందుకయ్యాయి?

ఈ ఎపిసోడ్‌లో సీ లాంగ్వేజ్‌లో స్ట్రక్చర్ ప్యాడింగ్ గురించి చూద్దాం.

ఒక స్టూడెంట్ స్ట్రక్చర్ తీసుకోండి. ముందు సెక్షన్, అది చార్, 1 బైట్. తర్వాత రోల్ నంబర్, ఇంట్, 4 బైట్లు. చివర్లో గ్రేడ్, మళ్లీ చార్, 1 బైట్. కూడితే 6. కానీ సైజాఫ్ ప్రింట్ చేస్తే మన మామూలు ల్యాప్‌టాప్‌లలో 12 వస్తుంది. మరి ఆ మిగతా 6 బైట్లు ఎక్కడివి?

ఇక్కడ అలైన్‌మెంట్ అనే రూల్ ఉంది. ఇంట్ అనేది 4తో భాగించబడే అడ్రస్‌లో మొదలవ్వాలి. అలా లేకపోతే కొన్ని ప్రాసెసర్లు నెమ్మదిగా చదువుతాయి, కొన్నిట్లో ప్రోగ్రామే క్రాష్ అవుతుంది. అందుకే సెక్షన్ 0లో ఉంటే, కంపైలర్ 1, 2, 3 ఖాళీగా వదిలేసి రోల్ నంబర్‌ని 4లో పెడుతుంది. ఆ ఖాళీయే ప్యాడింగ్. గ్రేడ్ 8లో కూర్చుంటుంది.

అయితే 9తో ఆగొచ్చు కదా? ఆగకూడదు. ఎందుకంటే రేపు మీరు దీంతో అరే చేస్తారు. రెండో స్టూడెంట్ 9లో మొదలైతే, అతని రోల్ నంబర్ 13లో పడుతుంది. రూల్ తప్పింది. అందుకని చివర ఇంకో 3 కలిపి 12 చేస్తుంది.

ఇప్పుడు రోల్ నంబర్‌ని పైకి తెచ్చి, రెండు చార్‌లనూ దాని కింద పక్కపక్కనే రాయండి. సైజు 8! 10 లక్షల రికార్డులుంటే 40 లక్షల బైట్లు మిగిలినట్టే. ఈ పని కంపైలర్ చేసిపెట్టదు, సీలో మెంబర్లు మీరు రాసిన వరుసలోనే ఉండాలి. కాబట్టి పెద్దవి ముందు, చిన్నవి తర్వాత.

"ప్యాక్డ్ పెడితే 6కే వస్తుంది కదా" అంటారు. వస్తుంది. కానీ రోల్ నంబర్ అడ్రస్ 1కి జరుగుతుంది. దానికి మామూలు ఇంట్ పాయింటర్ తీసుకుంటే మళ్లీ అదే క్రాష్ భయం.

ఇంకో జాగ్రత్త. ప్యాడింగ్‌లో ఏ విలువైనా ఉండొచ్చు. రెండు రికార్డుల్లో అన్ని మెంబర్లూ ఒకటే అయినా, మెమ్‌కంప్‌తో పోలిస్తే వేరు అని చెప్పొచ్చు. అందుకే మెంబర్ టు మెంబర్ పోల్చండి.

మీకు హోంవర్క్: చార్, డబుల్, ఇంట్. 64 బిట్ మెషిన్‌లో సాధారణంగా 24 వస్తుంది. వరుస మార్చి దాన్ని 16కి దించండి. ముందు కాగితం మీద బాక్సులు గీసి, ఆ తర్వాతే రన్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!