చక్రాల పొందిక – బండి నడవడిక

(మోటారు వాహన సిబ్బంది అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సంఘాలను గూర్చి, చర్చలను గూర్చి మాట్లాడుటకు అలవాటు పడిన నేను నేడు మోటారు బండి చక్రాలను గూర్చి మాట్లాడబోతున్నాను. ఇందుకు కారణమున్నది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక కార్యాలయంలో తపాలా వ్యాను నడిపే సోదరునికి మెమో వచ్చినది. ముందు టైర్లు రెండూ గడువుకు ముందే అరిగిపోయినవనీ, అందుకు అతని అజాగ్రత్తయే కారణమనీ, ఆ నష్టాన్ని జీతం నుండి ఎందుకు రాబట్టరాదో తెలుపవలసినదనీ దాని సారాంశం. నేను అతని వెంట షెడ్డుకు వెళ్ళాను. విప్పి పడవేసిన టైరును అరచేతితో అడ్డంగా నిమరమన్నాడు. ఒక వైపు నుండి నిమిరితే నునుపు. ఎదురు వైపు నుండి నిమిరితే రంపపు పళ్ళవలె గుచ్చుకొన్నది. ఆ టైరు పలికే సాక్ష్యం నాకు ఆనాడు అర్థం కాలేదు. తరువాత తెలుసుకొన్న దానిని మీ ముందుంచుతున్నాను.

రైల్వే సోదరులకు తెలిసిన విషయంతో ఆరంభిస్తాను. రైలు చక్రాన్ని స్టీరింగుతో ఎవరూ తిప్పరు. దాని ట్రెడ్ సంప్రదాయకంగా 20కి 1 వాలుతో శంకువు ఆకారంలో ఉంటుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగింపబడి ఉంటాయి. ఆ జత ఒక పక్కకు జరిగితే, ఆ పక్క చక్రం పెద్ద చుట్టుకొలతపై దొర్లి, జతను మరల మధ్యకు మళ్ళిస్తుంది. ఫ్లాంజి చివరి కాపలాదారు మాత్రమే. రోడ్డు మీది బండికి పట్టాలు లేవు. వాటికి బదులుగా దానిని తిన్నగా నడిపించేవి మూడు కోణాలు: టో, క్యాంబర్, క్యాస్టర్. వీటిని సరిచూచుటనే వీల్ అలైన్‌మెంట్ అంటాము.

మొదటిది టో. పైనుండి చూచినపుడు ముందు చక్రాల ముందరి అంచులు వెనుకటి అంచుల కంటె దగ్గరగా ఉంటే టో-ఇన్, ఎడంగా ఉంటే టో-అవుట్. కొద్దిపాటి టో-ఇన్ బండిని తిన్నగా నిలుపుతుంది. టో-అవుట్ ఎక్కువైతే బండి మలుపుకు తొందరపడుతుంది గాని తిన్నని రోడ్డు మీద అటూ ఇటూ తచ్చాడుతుంది. ఒక లెక్క చూడండి. 600 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రం ముందరి అంచు, వెనుకటి అంచుతో పోల్చినపుడు, 3 మిల్లీమీటర్లు పక్కకు తిరిగి ఉన్నదనుకొందాం. అనగా 200కి 1. స్థూలంగా చెప్పాలంటే ఆ చక్రం కిలోమీటరుకు 5 మీటర్లు, 10,000 కిలోమీటర్లకు 50 కిలోమీటర్లు రోడ్డుపై అడ్డంగా ఈడ్వబడుతుంది. రంపపు పళ్ళు పుట్టేది ఇక్కడనే. టో-ఇన్ మితిమీరితే బయటి అంచు, టో-అవుట్ మితిమీరితే లోపలి అంచు ముందుగా అరుగుతాయి.

రెండవది క్యాంబర్. ముందు నుండి చూచినపుడు చక్రపు తల లోపలికి గాని బయటికి గాని వాలి ఉండుట. లోపలికి కొంచెం వాలితే మలుపులో పట్టు పెరుగుతుంది. మితిమీరితే టైరు ఒక పక్కనే అరుగుతుంది.

మూడవది క్యాస్టర్. పోస్ట్‌మన్ సోదరులు తమ సైకిలును తలచుకొనండి. ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా పడుతుంది. అందుచేత చక్రం ఆ ఇరుసు వెనుక ఈడ్వబడుతూ తిన్నగా నిలబడ చూస్తుంది. మలుపు తరువాత మోటారు స్టీరింగు తనంత తాను వెనుకకు వచ్చుట కూడా ముఖ్యంగా దీని చలవయే.

వీటికి తోడు మరొక ఏర్పాటున్నది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటె ఎక్కువ కోణం తిరగాలి. దీనిని కనిపెట్టినవాడు మ్యూనిక్ నగరంలో బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్. 1818లో ఇంగ్లండులో పేటెంటు పొందినవాడు అతని ఏజెంటు అకెర్‌మన్. నేటికీ లోకం దానిని అకెర్‌మన్ సూత్రమనే పిలుస్తున్నది! చేసిన చేయి ఒకటి, పేరు మరొకరిది. మనకు ఇది కొత్త కాదు. టై రాడ్ వంగితే ఈ పొందిక, టో రెండూ చెడుతాయి.

ఇక టైరు సాక్ష్యాన్ని చదవడం నేర్చుకొందాం. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగితే క్యాంబర్ గాని టో గాని. రంపపు పళ్ళుంటే టో. వేగంలో స్టీరింగు వణికితే మొదట చక్రాల బ్యాలెన్సింగు చూపించాలి. అది వేరు పని. బండి ఒక పక్కకు లాగితే వెంటనే అలైన్‌మెంటును నిందించరాదు. రెండు పక్కల గాలి, బ్రేకుల పట్టివేత ముందుగా చూడాలి. అరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బేరింగులు మార్చకుండా కోణాలు దిద్దుట నీటి మీద వ్రాత. సవరించే వీలున్న బండిలో క్యాస్టర్, క్యాంబర్ ముందు, టో చివర.

మన సోదరుని టైరు లోపలి అంచు నున్నబడినది. నిలిపి ఉన్న బండిలో ఆ అంచు కంటికి కనబడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి వంగి చూడాలి. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన. వానరాత్రి మెయిలు బస్తాలతో పరుగెత్తే బండికి బ్రేకు వేసినపుడు ఆ కనబడని అంచే ప్రాణాలకు పూచీ.

అతడు గోతిలో బండి పడిన నాటి నుండి "స్టీరింగు నిలకడగా లేదు" అని లాగ్ బుక్కులో మూడుసార్లు వ్రాసి ఉన్నాడు. వర్క్‌షాపులో టై రాడ్ ఎండ్ మార్చారు గాని అలైన్‌మెంటు చూడలేదు. 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళిలో జీతం నుండి రాబట్టుటను 11వ నియమం శిక్షగానే పేర్కొన్నది, 16వ నియమం ప్రకారం సంజాయిషీకి అవకాశమివ్వాలి. ఆ అవకాశాన్ని వినియోగించుకొని లాగ్ బుక్కు నకళ్ళు, టైరు అరుగుదల వివరణ జతపరచాము. రాబట్టే ప్రతిపాదన విరమింపబడినది.

మిత్రులారా, ఆ మూడు పంక్తులు లేకుంటే నా వాదన నిలిచేది కాదు. కనుక నా కోరిక చిన్నది. డ్యూటీకి ముందు గాలి చూడండి. వారానికొకసారి అరచేతితో టైరును నిమరండి. లోపం తోచిననాడే తేదీతో వ్రాయండి. స్టీరింగు భాగం మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంటు చేయించమని వ్రాతపూర్వకంగా అడగండి. అడిగినా చేయనినాడు ఆ కాగితంతో సంఘం వద్దకు రండి. మిగిలిన పని మాది.