గుట్ట మీది గాలి, తాండూరు దుమ్ము



వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టలు మీకు తెలుసు. పద్మనాభస్వామి జాతరకు పోయే ఉంటారు. మూసీ నది పుట్టేది అక్కడే. ఆ గుట్ట మీదనే నిజాం కాలంలో క్షయ దవాఖాన కట్టారు. క్షయ అంటే టీబీ. గుట్ట మీద ఎందుకు కట్టారు? అప్పట్లో క్షయకు సరైన మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఇవే మందు. రోగులను నెలల తరబడి అక్కడ ఉంచేవారు.

తర్వాత మందులు వచ్చాయి. ఇంట్లో ఉండి మందులు వాడినా క్షయ నయమవుతుందని 1959లో మద్రాసు డాక్టర్లు తేల్చి చెప్పారు. మంచి సంగతే. మందు ఇంటికి వచ్చింది. మరి గుట్ట మీది గాలి ఇంటికి వచ్చిందా?

అక్కడి నుంచి తాండూరు ఎంతో దూరం లేదు. తాండూరు కందిపప్పుకు పేరు. నాపరాయికి ఇంకా పేరు. ఊరి చుట్టూ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, రాయి కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు. మిషన్ మీద నీళ్లు పోస్తే దుమ్ము లేవదు, బురదై కారుతుంది. ఆ బురదను రోడ్డు పక్కన పోస్తే ఏమవుతుంది? ఎండుతుంది. లారీ పోగానే లేస్తుంది. ఆరేసిన బట్టల మీద, తోమిన గిన్నెల మీద, పసిపిల్ల ముఖం మీద పడుతుంది. కొంగు అడ్డం పెట్టుకుంటాం. కానీ ఊపిరితిత్తుల లోపలికి పోయేది కంటికి కనపడని దుమ్ము. దాన్ని కొంగు ఆపదు.

రాతి దుమ్ములో సిలికా అనే పదార్థం ఉంటుంది. ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఈ జబ్బు పేరు సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. పైగా ఇది ఉన్నవారికి క్షయ తొందరగా వస్తుంది. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు, మందులకు పైసలు కట్టే పని లేదు. క్షయ అని తేలితే తిండి కోసం నెలకు కొంత డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో అది 500 రూపాయలు. 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు. రాళ్ల పని చేస్తున్నామని డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

మందు మింగి మళ్లీ అదే దుమ్ములోకి పోవాలి. "నా కర్మ" అంటారు కొందరు. కర్మ కాదు. బురద ఎక్కడ పోయాలి, లారీ మీద టార్పాలిన్ కప్పాలా, రోడ్డు తడపాలా, ఇవన్నీ ఎవరో కాగితం మీద సంతకం పెట్టి నిర్ణయించేవే. గాలిని కాపాడే చట్టం 1981లోనే వచ్చింది. 2015 చట్టం ప్రకారం గనులవాళ్లు జిల్లా ఖనిజ నిధికి డబ్బు కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల మంచినీళ్లకు, వైద్యానికి ఆ డబ్బు వాడాలి. ఈ నిధి పేరు ఎంతమంది విన్నారు?

"గట్టిగా అడిగితే మిషన్లు మూస్తారు, కూలి పోతుంది" అనే భయం ఉంటుంది. అది ఉత్త భయం కాదు. కానీ అడిగేది మిషన్లు మూయమని కాదు. నీళ్లు పోయమని, బురదను ఊరికి దూరంగా వేయమని.

2016 దాకా ఇదంతా రంగారెడ్డి జిల్లా. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే హైదరాబాద్ పోవాలి. ఇప్పుడు కలెక్టర్ ఆఫీసు వికారాబాద్‌లోనే ఉంది. సోమవారం ప్రజావాణిలో అర్జీ తీసుకుంటారు. ఊరు, వాడ, బురద పోసిన చోటు, తారీఖు రాయండి. కింద వేలిముద్రలు కాదు, సంతకాలు పెట్టండి. రసీదు అడిగి తీసుకోండి. దాని మీది నంబరు అక్కడే చదివి చూసుకోండి.