పని ముగిశాక పది నిమిషాలు

గల్ఫ్‌లో పడవలు, నీళ్ల ట్యాంకులు, పైపులు తయారుచేసే ఫైబర్ గ్లాస్ షెడ్లలో పనిచేసే మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఊళ్లో ఉన్న ఇంటివాళ్లూ వినాలి.

కెటలిస్ట్ కలిసిన రెజిన్ బెల్లం పాకం లాంటిది. పదును దాటితే గడ్డే. పాకాన్ని వేడినీళ్లతో కరిగించవచ్చు కానీ, గట్టిపడిన రెజిన్ అసిటోన్‌కు కూడా కరగదు. వేడి పెరిగేకొద్దీ గడ్డకట్టే సమయం తగ్గిపోతుంది కాబట్టి ఎండాకాలంలో ఇంకా తొందరపడాలి. మధ్యలో టీకి వెళ్లినా సరే, ముందు రోలర్లు, బ్రష్‌లు కడగండి. రెండు డబ్బాలు పెట్టుకోండి. మొదటిదాంట్లో మురికి వదిలించి, రెండోదాంట్లో జాడించండి. మూతలు తీసి ఉంచవద్దు. అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ వెళ్లి, దూరాన ఉన్న నిప్పురవ్వను కూడా అందుకుంటుంది.

స్ప్రే గన్ అయితే ముందు గాలి ఆపి, లోపలి ప్రెషర్ పూర్తిగా వదిలేశాకే నాజిల్ విప్పాలి. రెజిన్, కెటలిస్ట్ లోపలే కలిసే గన్‌ను ఆపిన వెంటనే ఫ్లష్ చేయాలి. పంపు రాడ్‌ను కింది స్థానంలో ఉంచి ఆపితే దానిమీద రెజిన్ ఎండదు, సీళ్లు చిరగవు.

ఇప్పుడు అసలు సంగతి. కెటలిస్ట్ నడిచే భాగాలను అసిటోన్‌తో కడగవద్దు. ఆ రెండూ కలిస్తే పేలే పదార్థం తయారుకావచ్చు. వాటిని ఎలా కడగాలో గన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, సూపర్‌వైజర్‌ని అడిగి చూడండి. అలాగే కెటలిస్ట్‌ను కోబాల్ట్‌తో నేరుగా ఎప్పుడూ కలపకూడదు.

బకెట్‌లో మిగిలిన మిశ్రమం దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. దాన్ని చెత్తడబ్బాలో పారేయవద్దు. షెడ్ బయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి, చల్లారి గట్టిపడ్డాకే తీయించండి.

చాలామంది చేతులు కూడా అసిటోన్‌తోనే కడుగుతారు. చర్మంలోని నూనె పోయి పగుళ్లు వస్తాయి. గ్లవ్స్ వేసుకోండి, సబ్బుతో కడుక్కోండి.

కెటలిస్ట్ ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోయే ప్రమాదం ఉంది. పడితే డాక్టరు కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే నీళ్లతో, కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. ఆ తర్వాతే ఆసుపత్రి. కుళాయి ఎక్కడుందో పని మొదలుపెట్టకముందే చూసుకోండి.

ఇంటివాళ్లకు ఒక్క మాట. ఫోన్‌లో "తిన్నావా?" అని అడుగుతారు కదా, ఆ వెంటనే "కళ్లద్దాలు పెట్టుకుంటున్నావా?" అని కూడా అడగండి. మేస్త్రీ చెబితే వినని మాట కూడా అమ్మ అడిగితే వింటారు.

సెలవు.