కంప్యూటర్‌లో డ్యామ్‌ని నిలబెట్టి చూస్తే
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేనేత సభలో డ్యామ్‌ల గొడవేంటి అనుకోకండి. మన చెన్నై కుళాయిల్లో కృష్ణమ్మ కూడా ఉంది. 1983 ఒప్పందం ప్రకారం ఆ నీళ్ళు శ్రీశైలం జలాశయంలో బయల్దేరి, పోతిరెడ్డిపాడు, సోమశిల, కండలేరు మీదుగా పూండికి చేరతాయి. శ్రీశైలం డ్యామ్ తన బరువుతోనే నిలబడే గ్రావిటీ డ్యామ్. దాని పూర్తి మట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో నీళ్ళు 896 దాటాయి. డ్యామ్ ఆగుతుందా అని రెండు రాష్ట్రాలవాళ్ళం ఊపిరి బిగబట్టి టీవీ చూశాం.

పదకొండు అడుగులేగా అనిపిస్తుంది. లెక్క వేరు. 100 మీటర్ల లోతు నీటికి అడ్డంగా ఒక కాంక్రీటు గోడ ఉందనుకోండి. గోడ పొడవులో ప్రతి మీటరు మీదా నీటి తోపు 5,000 టన్నులు. నీళ్ళు ఇంకో మూడున్నర మీటర్లు పెరిగితే తోపు 7 శాతం, గోడను పడదోసే బలం దాదాపు 11 శాతం పెరుగుతాయి.

ఒకప్పుడు ఇదంతా కాగితం మీదే. 1960ల మొదట్లో అమెరికాలో, పగులిచ్చిన నార్‌ఫోర్క్ కాంక్రీటు డ్యామ్‌ని బర్క్‌లీలో రే క్లఫ్, ఎడ్వర్డ్ విల్సన్ కంప్యూటర్‌తో పరీక్షించారు. పద్ధతి పేరు ఫైనైట్ ఎలిమెంట్. మనవాళ్ళకి చెప్పడం తేలిక. డ్యామ్ బొమ్మని పడుగు పేకల గళ్ళలా చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఒక పోగు లాగితే పక్క పోగులన్నీ కదలవూ? అలాగే ఒక ముక్క మీద పడ్డ బరువు పక్కవాటికి ఎంత పాకిందో సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది.

తెర మీద రంగురంగుల బొమ్మ వస్తుంది, ముచ్చటగా ఉంటుంది. నాకు ఆ బొమ్మ మీద అంత నమ్మకం లేదు. ఎందుకంటే నీళ్ళు ముందు నుంచే తోయవు, అడుగున రాతి సందుల్లో దూరి డ్యామ్‌ని పైకి కూడా ఎత్తుతాయి. 100 మీటర్ల లోతున చదరపు మీటరుకి 100 టన్నులు! అది తగ్గడానికే గ్యాలరీలోంచి కిందికి డ్రైన్ రంధ్రాలు వేస్తారు. అవి పనిచేస్తుంటే, దిగువన నీరు లేనప్పుడు, ఆ వరుస దగ్గర ఒత్తిడిని మూడో వంతే తీసుకోవచ్చని మన ఐఎస్ 6512 ప్రమాణం అంటుంది. పనిచేయకపోతే ఏమవుతుందో కూడా చూడమంటుంది. సున్నం పేరుకుని ఆ రంధ్రాలు పూడుకుపోవడం పాత డ్యామ్‌లలో మామూలే. గ్యాలరీలోకి దిగి కొలవకుండా, ఆఫీసులో కూర్చుని "డ్రైన్లు బాగున్నాయి" అని టిక్ పెడితే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది పాపం? భేషుగ్గా ఉందనే చెబుతుంది. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలన్నది అందుకే.

సివిల్ చదివే మన పిల్లలకి ఒక మాట. మాంట్రియల్ పాలిటెక్నిక్ వాళ్ళ కాడామ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. నా లాప్‌టాప్‌లో ఉంది. భోజనాలయ్యాక రండి, ఇదే 100 మీటర్ల గోడని డ్రైన్లు ఉన్నప్పుడూ పూడినప్పుడూ వేసి చూపిస్తాను.