బండి స్టార్టు కాకపోతే...

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు తప్ప మరో మాట వినపడని వేదిక మనది. కార్యదర్శిగారు మాత్రం, "మీరు డిపో గ్యారేజీలో ముప్ఫై ఏళ్లు పానా పట్టినవారు గదా, మనవాళ్ల బండ్లు మొరాయిస్తున్నాయి, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను.

బండి స్టార్టు కాలేదని మెకానిక్కుకు ఫోను చేస్తే అతను అడిగే మొదటి ప్రశ్న, "సెల్ఫ్ తిరుగుతోందా?" అని. దీనికి జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే. తాళం తిప్పినప్పుడు ఇంజను తిరుగుతూ కూడా అందుకోకపోతే అది పెట్రోలు తగాదా, లేదా మంట తగాదా. "టిక్ టిక్" అని ఆగిపోయినా, చప్పుడే లేకపోయినా అది కరెంటు తగాదా. అప్పుడు హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినళ్లు వదులయ్యాయనో అర్థం. లైటు దేదీప్యమానంగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం పలకకపోతే ఫ్యూజు, రిలే, సెల్ఫ్ మోటారు చూడాలి. అది మెకానిక్కు పని.

మనలో ఎక్కువమందికి వచ్చేది బ్యాటరీ జబ్బే. కారణం బండి కాదు, మన జీవిత విధానం. ఆరు నెలలు అబ్బాయి దగ్గర అమెరికాలో, రెండు నెలలు అమ్మాయి దగ్గర బెంగుళూరులో. బండి షెడ్డులో నిలబడి ఉన్నా అందులోని గడియారం, అలారం కొద్దికొద్దిగా కరెంటు తింటూనే ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఊరంతటికీ ఈ అనుభవమైంది. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే, ఇంజను ఆపి కొన్ని గంటలైన తర్వాత కూడా మీటరు సుమారు 12.6 చూపించాలి. 12కు దిగితే దాదాపు ఖాళీయే. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉండాలి. లేకపోతే చార్జింగే జరగటం లేదు, కొత్త బ్యాటరీ కొన్నా డబ్బు దండగ. షాపువాడు ఈ రెండో లెక్క చూడకుండానే కొత్తది అంటగట్టవచ్చు. చూడమని మీరే అడగండి.

ఊరెళ్లేముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి వెళ్లండి. ఊళ్లో ఉంటే వారానికొకసారి అరగంటసేపు తిప్పిరండి. కొందరు రోజూ స్టార్టు చేసి రెండు నిమిషాలకే ఆపుతారు. దానివల్ల సెల్ఫ్ తిన్నంత కరెంటు కూడా తిరిగి చేరదు. మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు; ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వైర్లు తీసి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, తుడిచి, బిగించి వాజలైన్ రాయండి. తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖరున.

పక్కింటివారి కారునుంచి కేబుళ్లు తగిలించేవారు జాగ్రత్త. పాజిటివ్‌కు పాజిటివ్. నల్ల కేబులు ఒక కొస వారి బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస మన ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి హైడ్రోజను వాయువు వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బీడీ, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు.

తోసి స్టార్టు చెయ్యటం మన తరానికి బాగా తెలుసు. గేరు కార్లలో తాళం ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ వదిలితే పనిచేస్తుంది. ఆటోమేటిక్ కారును ఎంతమంది తోసినా స్టార్టు కాదు. ఇంజెక్షను బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లాభం లేదు. పెట్రోలు పంపు తిరగటానికే కరెంటు కావాలి. అయినా డెబ్భై ఏళ్లు దాటినవారు, గుండెకు స్టెంటు పడినవారు కారు తొయ్యకండి. కిక్కు మీద కిక్కు కొట్టకండి. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఛాతీనొప్పి వస్తే బానెట్ ఎత్తి చూస్తూ నిలబడకండి. 2005 ఆగస్టు 15 నుంచి మనకు 108 ఉంది. ముందు ఆ నంబరుకు ఫోను చెయ్యండి, కారు సంగతి తెల్లవారాక చూడవచ్చు.

ఇక స్కూటర్లు. పాత చేతక్‌ను ఇంకా ప్రాణంగా చూసుకునేవారు ఈ హాల్లో ముగ్గురున్నారని నాకు తెలుసు. కాక్ తెరిచారో లేదో, రిజర్వులో ఉందో లేదో ముందు చూడండి. పది కిక్కులకు అందుకోకపోతే ప్లగ్గు విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావటం లేదు. నల్లగా కార్బన్ పడితే గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచూసి పెట్టండి. టూ స్ట్రోకులో ఆయిలు చెయ్యి జారి ఎక్కువ పోస్తే ప్లగ్గు ఇలాగే మూసుకుపోతుంది.

కొత్త స్కూటర్లలో సగం ఫిర్యాదులు అసలు ఫిర్యాదులే కావు. బ్రేకు పట్టుకోకపోతే సెల్ఫ్ పలకదు. చాలావాటిలో సైడ్ స్టాండు దించి ఉంటే ఇంజను అందుకోదు. కుడిచేతి దగ్గర ఎర్ర స్విచ్చు ఉన్న బండ్లలో మనవడు దాన్ని నొక్కి ఉండవచ్చు. ఆటోమేటిక్ కార్లలో గేరు 'పి'లోనో 'ఎన్'లోనో ఉండి, కాలు బ్రేకు మీద ఉండాలి. బటన్ కార్లలో తాళంలోని చిన్న సెల్లు అయిపోతే, చాలావాటిలో ఆ తాళాన్నే బటన్‌కు ఆనించి నొక్కితే పనిచేస్తుంది. మెకానిక్కుకు ఐదువందలు ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

అపార్టుమెంట్లలో ఎలుకల బెడద వేరే. వైర్లు కొరికితే మనం చేసేదేమీ లేదు, కొరికిన వైరును టేపు చుట్టి నడపకండి. సెల్ఫ్ ఎప్పుడైనా సరే ఐదారు సెకన్లకు మించి కొట్టవద్దు. అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. మోటారు కాలిపోతే ఖర్చు వేలల్లో ఉంటుంది.

డీజిలు బండ్లకు ప్లగ్గు మంట ఉండదు, వాటి లెక్క వేరు. పాత డీజిలు బండి ట్యాంకు ఒక్కసారి పూర్తిగా ఖాళీ అయితే డీజిలు పోసినంత మాత్రాన కదలదు, పైపులో గాలి పడుతుంది. చేతిపంపుతో ఆ గాలి పోగొట్టాలి. ఆ పద్ధతి మాటల్లో చెబితే అర్థం కాదు. టీ తర్వాత బయట నిలిపిన జీపు బానెట్ ఎత్తి చూపిస్తాను, ఆసక్తి ఉన్నవారు రండి.