చల్లని మెరుపు

 

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో ‘ప్లాస్మా’ అంటే రేకు కోసే మిషనే. కంప్రెసర్ గాలి సన్నని నాజిల్ గుండా దూసుకొస్తుంది, దానికి ఆర్క్ తోడవుతుంది, వేల డిగ్రీల వేడికి ఉక్కు కరిగి తెగిపోతుంది. 1964లో వెలిసిన ఈ వాడకు ఆ చప్పుడు కొత్తేమీ కాదు. అదే గాలి, అదే కరెంటు చల్లగా ఉండి బల్ల మీది క్రిముల్ని చంపుతాయంటే మాత్రం షెడ్డులో సగం మంది నవ్వుతారు.

నవ్వులాట కాదు. 1857లో జర్మనీలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఓజోన్ కోసం ఒక గొట్టం చేశాడు. రెండు ఎలక్ట్రోడ్ల నడుమ గాజు అడ్డం పెట్టి వేల వోల్టులు ఎక్కించాడు. గాజు అడ్డుంటే కరెంటు ఒక్కచోట పోగై మండదు, సన్నని మెరుపు పోగులుగా విడిపోతుంది. ఎలక్ట్రాన్లే వేడెక్కుతాయి, గాలి దాదాపు చల్లగానే ఉంటుంది. ఆ ఎలక్ట్రాన్ల దెబ్బకు ఆక్సిజన్, నైట్రోజన్, తేమ విరిగి ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రాక్సిల్ పుడతాయి. బ్యాక్టీరియా పొరకు తూట్లు పొడిచేది ఇవే. ‘ప్లాస్మా’ అన్న పేరు 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్మ్యూర్ పెట్టింది.

చిక్కంతా దూరంతోనే. హైడ్రాక్సిల్ ఆయుష్షు రెప్పపాటు కూడా ఉండదు. ఓజోన్ నిలుస్తుంది కానీ, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. జిడ్డు కింద నక్కిన క్రిమి దాకా ఏదీ సరిగా చేరదు. ముందు సబ్బునీళ్లతో తుడవాల్సిందే.

ఆసుపత్రి ‘ప్లాస్మా స్టెరిలైజర్’ కథ వేరు. అక్కడ చంపే పని ముఖ్యంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరిది. ఆటోక్లేవ్‌లోని 121 డిగ్రీలకు తట్టుకోలేని పరికరాలకు అది దిక్కు. నూలుగుడ్డ, కాగితం మాత్రం అందులో పెట్టకూడదు, ఆవిరిని పీల్చేసుకుంటాయి.

కరోనా కాలంలో, 2020లో, హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఆర్‌సీఐ ఫోన్లను, నోట్లను అతినీలలోహిత కాంతితో శుద్ధి చేసే పెట్టె తెచ్చింది. కాంతి నీడలోకి పోదు, వాయువు సందుల్లోకీ దూరుతుంది. గాలి ప్లాస్మాకున్న మొగ్గు అక్కడే.

అదలా ఉంచితే, పది లక్షల క్రిముల్లో 99.9 శాతం చచ్చినా వెయ్యి మిగులుతాయి. పట్టా అందుకుంటున్న మీ చేతుల్లో రేపు ఇలాంటి యంత్రం తయారైతే, ‘99.9’ అని స్టిక్కర్ అంటించే ముందు ఏ క్రిమి మీద, ఎంత దూరం నుంచి, ఎన్ని నిమిషాలు పరీక్షించారో దాని పక్కనే రాయండి.